ఖాళీ అరల గ్రంథాలయం

సాలెవీధి గ్రంథాలయాన్ని గుర్రపు జీనులు దాచుకోవడానికి ఇప్పించమని సేనాపతి భుజంగరాయుడు రాజుగారిని అడిగాడు. "అక్కడ పుస్తకాలే లేవు ప్రభూ!" అన్నాడు.

రాజుగారు స్వయంగా వచ్చి చూశారు. నిజంగానే అరల్లో రెండు తాటాకు పుస్తకాలు తప్ప ఏమీ లేవు. వీధి జనానికి గుండె జారిపోయింది.

గ్రంథాలయం చూసుకునే సుంకులమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"సేనాపతిగారూ, యుద్ధం జరిగేటప్పుడు మీ ఆయుధశాలలో కత్తులెన్ని ఉంటాయి?"

"ఒక్కటీ ఉండదు! అన్నీ సైనికుల చేతుల్లోనే ఉంటాయి" అన్నాడతను గర్వంగా.

"ఇక్కడా అంతే దొరా. మంత్రసాని ఈరమ్మ వైద్యం పుస్తకం పట్టుకుని కాన్పుకు వెళ్లింది. అద్దకంవాళ్ల దగ్గర రంగుల పుస్తకం ఉంది. తక్కినవి ఇంటికొకటి చదువుతున్నారు."

రాజుగారు నవ్వేశారు. "జీనులకు వేరే చోటు చూసుకో, సేనాపతీ!"

వీధంతా ఊపిరి పీల్చుకుంది. అంతదాకా నిబ్బరంగా నిలబడ్డ సుంకులమ్మ గడప మీద కూలబడి, "ఎవరైనా కాసిన్ని మంచినీళ్లివ్వండర్రా!" అంది.