బొట్టు పెట్టిన జీపీఎస్

అనకాపల్లిలో నూకరాజు అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. ఏ వస్తువు కొన్నా అది తనకు పనికొస్తుందా అని కాక, పదిమంది ఏమంటారా అని చూసి కొనడం అతని బలహీనత. అతని ఇంట్లో ఎవరూ వాయించని వీణ ఒకటి ఉండేది. వ్యాయామానికని కొన్న యంత్రం మీద తువ్వాళ్లు ఆరుతుండేవి.

ఒక ఏడాది అతనికి కొండలెక్కే సరదా పట్టింది. భార్య వరహాలుకూ కొండలంటే ఇష్టమే. కానీ ఆమెకు ఉబ్బసం. చలిగాలి తగిలితే ఊపిరి అందేది కాదు.

"అక్కడ ఫోను పనిచెయ్యదట. దారి తప్పితే నా గతేటండీ?" అని ఆమె భయపడింది.

"జీపీఎస్ కొంటాను. మనం ఎక్కడున్నదీ ఇట్టే చెప్పేస్తుంది" అన్నాడు నూకరాజు.

విశాఖపట్నంలో ఒక దుకాణదారు రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా, మొద్దుగా, బొత్తాలతో ఉంది. రెండోది వేలితో తాకి నడిపే పెద్ద తెరతో అద్దంలా మెరిసిపోతోంది.

"వానలో, చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు బొత్తాలే నయం సార్. తెరది కూడా మంచిదే గానీ బాగా అలవాటు కావాలి" అన్నాడు దుకాణదారు.

వరహాలు బొత్తాలదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ నొక్కి చూసింది. "ఇది నాకు కూడా వచ్చేసిందండీ. ఇదే తీసుకుందాం" అంది.

"ఛ! పాత టీవీ రిమోట్‌లా ఉంది. నలుగురిలో బయటికి తీస్తే పరువు పోదూ!" అన్నాడు నూకరాజు. మెరిసేదే కొన్నాడు.

"వెళ్లే ముందు మీ వీధిలోనే ఓసారి వాడి చూడండి సార్. గుడారం వేసిన చోటు అందులో గుర్తు పెట్టుకోవడం మరిచిపోవద్దు!" అని దుకాణదారు వెనకనుంచి కేకేశాడు. అప్పటికే నూకరాజు సగం మెట్లు దిగిపోయాడు.

ఇంటికి రాగానే దాన్ని దేవుడి దగ్గర పెట్టాడు. తెర మీది ప్లాస్టిక్ పొరైనా తీయకుండా, దానికే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. షాపుకొచ్చిన వాళ్లందరికీ పెట్టె తెరిచి చూపించేవాడు. ఎవరైనా చెయ్యి చాస్తే "గీతలు పడతాయి" అని మూసేసేవాడు. ఒక్కసారి వాడి చూడమని వరహాలు పోరితే, "కొత్త వస్తువు! కొండ మీదే ప్రారంభోత్సవం" అనేవాడు.

చలికాలంలో ఇద్దరూ లంబసింగి దాటి కొండల్లోకి వెళ్లారు. ఒక చదును నేలలో గుడారం వేశారు. మర్నాడు పొద్దున్నే, "పైకెళ్లి సూర్యోదయం చూద్దాం, రా రా" అని నూకరాజు తొందరపెట్టాడు. ఆ హడావిడిలో వరహాలు పీల్చుకునే మందు గుడారంలోనే ఉండిపోయింది.

వాళ్లు పైకి చేరేసరికి సూర్యుడు లేడు, మంచు కమ్మేసింది. చాచిన చెయ్యి చాచినవాడికే కనిపించడం లేదు. సన్నగా జల్లు మొదలైంది. కిందికే దిగుతున్నామనుకుని నడిచారు. కాసేపటికి నేల మళ్లీ ఎగువకు సాగింది. దారి తప్పామని నూకరాజుకు అర్థమైంది. వరహాలుకు మొదట దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"మందు... గుడారంలో..." అంది ఆమె, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి.

నూకరాజు జీపీఎస్ తీశాడు. ప్లాస్టిక్ పొర మీద తడిసిన పసుపు బురదలా జారుతోంది. ఎంత నొక్కినా తెర పలకలేదు. గోళ్లతో ఆ పొర పీకేశాడు. ఈసారి వాన చినుకు పడ్డచోటల్లా తెర దానంతటదే మారిపోసాగింది. చివరికి ఖాళీ పచ్చరంగు మధ్య ఒక చుక్క కనిపించింది.

"ఇదిగో! మనం ఇక్కడున్నాం!" అని అరిచాడు.

"మరి... గుడారం?"

నూకరాజు తెరంతా వెతికాడు. తాము ఎక్కడున్నదీ ఆ పరికరానికి తెలుసు. గుడారం ఎక్కడుందో దానికి ఎవరూ చెప్పలేదు.

"నువ్విక్కడే కూర్చో, నేను వెతికొస్తాను" అని లేవబోయాడు. వరహాలు అతని చొక్కా పట్టుకుంది.

"ఎళ్లకండి... మీరూ తప్పిపోతారు."

అతను కూలబడి ఆమెను గుండెకు ఆనించుకున్నాడు. తన స్వెట్టరు విప్పి ఆమెకు కప్పాడు. ఆమె ఒక్కో ఊపిరికీ ఎగపీలుస్తుంటే అతని ప్రాణం పోతున్నట్టే ఉంది. "నూకాలమ్మ తల్లీ, దీన్ని కాపాడు! ఈ పరికరం నీ హుండీలో వేసేస్తాను" అని మొక్కుకున్నాడు. పాపం, ఆ తల్లి మాత్రం దాన్నేం చేసుకుంటుంది! వరహాలు పెదవులు నల్లబడుతున్నాయి. పిలిస్తే పలకడం కూడా మానేసింది.

ఎంతసేపటికో గాలి మళ్లింది, మంచు విడింది. గుడారం కాస్త దిగువనే, కేకేస్తే వినబడేటంత దూరంలో ఉంది! నూకరాజు భార్యను భుజాన వేసుకుని పడుతూ లేస్తూ పరుగెత్తాడు. మందు పీల్చాక చాలాసేపటికి గానీ ఆమెకు ఊపిరి నిలకడకు రాలేదు. కొండ దిగిన తర్వాత వారం పాటు ఆసుపత్రిలోనే ఉంది.

అక్కడ మంచం పక్కన తల వంచుకుని కూర్చున్న భర్తను వరహాలు ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ రోజు నేను పోయుంటే, ఆ పరువు పక్కన కూర్చుని మీరు అన్నం తినేవోరాండీ?"

నూకరాజు ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆపదలో ఆదుకోవాల్సిన వస్తువును పదిమంది మెప్పు కోసం ఎంచుకోకూడదు. ఎంచుకున్నదాన్ని ఆపద రాకముందే వాడటం నేర్చుకోవాలి.