కాస్త ఈ బుట్ట పట్టుకో

సాయంత్రం ఆరు గంటలు. పొద్దున పట్టిన వాన వదల్లేదు, గాలి మాత్రం పడిపోయింది. కరెంటు లేదు. పేరంటాలు పిన్ని తమలపాకుల బుట్ట పట్టుకుని నేను జోగన్న మేష్టారి అరుగు ఎక్కాను. సూర్యచంద్రాన్ని ఒక మాట అడగాలని వెళ్లాను. అతను వకీలు. ఏటికి అవతలి ఒడ్డున ఆసుపత్రిలో అతనికి తెలిసినవాళ్లున్నారు. పిన్ని సంగతి ఏమైనా తెలిసిందేమోనని.

అప్పటికే అతను మేష్టారిని ప్రశ్న అడుగుతున్నాడు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరడం నాకు చేతకాదు. గోడవారగా నిలబడ్డాను.

"ఒక్కటి చెప్పండి మేష్టారూ. వాడుకోనివాళ్లకి హక్కు ఇచ్చి ఏం లాభం?"

మేష్టారు మా పొగడలంకలో బడి చెప్పి రిటైరయ్యారు. సూర్యచంద్రం ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాడు. నల్లకోటు వేసుకున్నా ఇప్పటికీ ఆయన ఎదుట కుర్చీలో కూర్చోడు. ప్రశ్న అడిగినవాడికి ముందు ఏదో ఒక పని పురమాయించడం మేష్టారి అలవాటు. పని అయ్యేలోగా సగం ప్రశ్నలు వాటంతట అవే వెళ్లిపోతాయంటారు. ఆ సాయంత్రం మాత్రం ఆయన వెంటనే పని చెప్పలేదు. మిగతాది కూడా చెప్పమన్నట్టు చూశారు.

మాది గోదావరి పాయల నడుమ ఉన్న లంక. వంతెన లేదు. పడవ ఊరి సంఘానిది. సంఘం నిబంధనలను మేం "మన రాజ్యాంగం" అంటాం. మొదట వేళాకోళానికి అన్న మాటే, తరవాత అలవాటైపోయింది. పాత రాజ్యాంగంలో పడవకి వాటా కట్టిన ఇంటి యజమానికే ఓటు. వరద రోజుల్లో కూడా పడవ కదలాలా వద్దా అన్నది పెద్దలు ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్లు. ఎక్కేది మేము. దాన్ని మార్చినవాడు సూర్యచంద్రం. ఇల్లిల్లూ తిరిగి, పెద్దల చేత నానా మాటలూ పడి, మొదటి సవరణ తెచ్చాడు. ఏరు పొంగిన రోజున రేవులో ఉన్న ప్రయాణికులే తేల్చాలి. వద్దనేవాళ్లు చెయ్యెత్తాలి. సగం మంది ఎత్తితే పడవ ఆగాలి. ఎత్తనివాళ్లు ఒప్పుకున్నట్టే. రెండో సవరణ ఈ ఆదివారం సభకి రావాలి. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ, వాటా ఉన్నా లేకపోయినా, అన్ని విషయాల్లోనూ ఓటు ఉంటుంది. పెద్దలు కాదన్నా సరే, ఊరు కావాలనుకుంటే రాజ్యాంగాన్నే మార్చుకోవచ్చు.

ఆ రెండోదాన్ని వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి వచ్చాడతను.

"పొద్దున రేవునిండా జనం ఉన్నారు," అన్నాడు. "ఏరు చూసి మాకు భయమేసిందని ఇప్పుడు ప్రతివాళ్లూ చెప్తున్నారు. అప్పుడు ఒక్క చెయ్యి లేవలేదు. పెద్దలు నన్ను పిలిచి మరీ నవ్వారు మేష్టారూ. 'ఓటు ఇచ్చావుగా నాయనా, నీ జనం వాళ్ల పడవ వాళ్లే ముంచుకున్నారు' అన్నారు. ఉన్న ఒక్క ఓటే వేయనివాళ్లకి ఇంకో పది ఓట్లు రాసిచ్చి ఏం చేయను?"

అరుగు మీద పడవ నడిపే సరంగు పోసిబాబు ఉన్నాడు. పాలు పోసే నూకరత్నం ఉంది. ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. అందరం పొద్దున ఆ పడవలో ఉన్నవాళ్లమే. ఎవరూ అతని మొహం చూడలేదు. నేనూ చూడలేదు.

పొద్దున జరిగింది ఇది. మా అమ్మాయి సత్యవేణికి పట్నంలో డిగ్రీ పరీక్ష. రేవుకి వెళ్లేసరికి ఏరు ఎర్రగా, సగం మెట్లు మింగేసి ఉంది. నా ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో దాని పుస్తకాల సంచీ, టిఫిను డబ్బా. అది నా గొడుగు కింద చేతులు కట్టుకుని నిలబడింది. చుట్టూ అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. పాలక్యాన్లు, కొబ్బరికాయల మూటలు, చంకల్లో పిల్లలు. కింద పెడదామంటే చీలమండల లోతు బురద.

పోసిబాబు పడవ అంచు మీద నిలబడి, "రాజ్యాంగం ప్రకారం అడుగుతున్నానండీ. వద్దనేవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు.

"చెయ్యెత్తితే ఈ క్యాను నీ నెత్తిన పడుద్దిరా పోసీ," అంది నూకరత్నం. 

"పాలు పోతే పోయాయి, క్యాను జాగర్తమ్మా," అన్నాడెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వుల్లోనే నా పక్కనున్న పేరంటాలు పిన్ని, "అమ్మాయ్, కాస్త ఈ బుట్ట పట్టుకో," అంది. నెత్తిన బుట్ట ఉంది, ఒక చెయ్యి దానికే సరిపోయింది. రెండో చేతిలో కర్ర. డెబ్బై దాటిన మనిషి.

"నా చేతులూ ఖాళీ లేవు పిన్నీ," అన్నాను.

ఆవిడ మళ్లీ అడగలేదు.

"ఎవరూ ఎత్తలేదు. అందరూ ఒప్పుకున్నట్టే. ఎక్కండి," అన్నాడు పోసిబాబు. ఎవరైనా ఎత్తి ఉంటే బాగుండునన్నట్టే ఉంది అతని మొహం కూడా.

నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. వరద ఎటు లాగితే అటు పోయి ఇసుకతిప్పను గుద్దుకున్నాం. పడవలోకి మోకాళ్లదాకా నీళ్లు వచ్చాయి. ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డాం. పేరంటాలు పిన్ని పడినప్పుడు చెయ్యి కిందికి మడతపడింది. ఆవిడ అరవలేదు. చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి అవతలి నించి లాంచీ వచ్చింది. ముందు పిన్నిని ఆ ఒడ్డుకి తీసుకెళ్లారు, తరవాత వచ్చి మమ్మల్ని ఇంటివైపు దింపారు. పిన్ని వెంట ఎవరూ వెళ్లలేదు. లాంచీలో చోటు లేదన్నారు. ఒక మనిషికి ఉండేదేమో. వాన వల్ల ఆ రోజు పరీక్షే వాయిదా వేశారని ఇంటికొచ్చాక తెలిసింది.

బుట్ట ఒక బల్ల కింద ఇరుక్కుని కనిపించింది. నీళ్లలో తేలుతున్న ఆకులు ఏరి అందులో వేశాను. అప్పటినించీ అది నా చేతిలోనే ఉంది.

సూర్యచంద్రం చెప్పడం అయింది. మేష్టారు లేచారు.

"లోపల పుస్తకాల మీద కారుతోంది. ఓ చెయ్యి వెయ్యవోయ్," అన్నారు.

గదిలోకి తీసుకెళ్లి బీరువా పైనున్న దొంతర అతని చేతుల్లో పెట్టారు. దానిమీద ఇంకో దొంతర పెట్టారు. గడ్డం ఆనించి పట్టుకున్నాడతను. అలాగే అరుగు మీదకి తీసుకొచ్చారు. అక్కడ కూడా చూరు కారుతోందని గొడుగు విప్పి, దాని పిడి అతని చంకలో ఇరికించారు. ఆ ఆకారం చూసి నూకరత్నం కొంగు అడ్డం పెట్టుకుంది. మేష్టారు మాత్రం సభలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

"పొగడలంక రాజ్యాంగానికి నాదొక సవరణ. ఇకమీదట ఈ సంఘంలో వకీళ్లకి ఓటు లేదు. వద్దనేవాళ్లు చెయ్యెత్తండి."

"అదేంటి మేష్టారూ," అన్నాడు సూర్యచంద్రం.

"నోటితో కాదు. చెయ్యి. రాసింది నువ్వే."

"ఎలా ఎత్తను? ఇవన్నీ తడిసిపోతాయి."

"ఎత్తలేదు. ఒప్పుకున్నట్టే."

పోసిబాబు ముందు నవ్వాడు, తరవాత అందరూ. పొద్దున పడవ ఎక్కినప్పటినించీ మాలో ఎవరూ అలా నవ్వలేదు. "అదేనండీ మేము చెప్పేది," అంది నూకరత్నం. "చేతులు ఖాళీ ఎక్కడివండీ మాకు? ఈ మాట ఆ పెద్దలకి చెప్పండి సూర్యచంద్రం గారూ." ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తప్పు తమది కాదని ఒకరు చెప్పగా విన్నవాళ్ల మొహాలవి. నాకూ ఒక్క క్షణం గుండె మీద బరువు దిగినట్టయింది. నిజమే, నా చేతులు ఖాళీ లేవు. అందరం చూసిందే.

సూర్యచంద్రం నవ్వలేదు. చంకలో గొడుగు జారిపోతోంది. అటూ ఇటూ చూశాడు. "ఎవరన్నా కాస్త ఇవి పట్టుకోండి," అన్నాడు.

నలుగురు ఒక్కసారే లేచారు. మేష్టారు చెయ్యి అడ్డం పెట్టారు. వాళ్లు నిలబడిపోయారు.

"ఈ మాట," అన్నారు, "పొద్దున రేవులో ఎవరైనా అన్నారా?"

ఆయన గట్టిగా అడగలేదు. పోసిబాబు నేల చూశాడు. నూకరత్నం కొంగు సర్దుకుంది. అనలేదు, ఎవరూ ఎవరినీ అడగలేదు అని ఎవరో గొణిగారు. నా గొడుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ వేణి నాకు కనిపించింది. ఆ గొడుగు దాని చేతికి ఇస్తే సరిపోయేది. ఇవ్వాలని తోచలేదు. తోచకపోవడానికి కారణం నాకు తెలుసు. ఏరు చూసి భయం వేసింది, నిజమే. అయినా పడవ ఆగకూడదనే ఉంది నాకు. పరీక్ష ఉంది.

"అన్నారు," అన్నాను.

అందరూ ఇటు తిరిగారు. ఆ అరుగు మీద నేను గొంతు విప్పడం తక్కువ.

"ఎవరమ్మా?"

"పేరంటాలు పిన్ని. కాస్త ఈ బుట్ట పట్టుకో అంది. నాతోనే అంది."

"నువ్వేమన్నావు?"

బుట్ట కాస్త పైకి ఎత్తాను, అంతే. తడిసిన ఆకుల వాసన వచ్చింది. మేష్టారు బుట్టనీ నన్నూ చూశారు. ఆవిడ ఎందుకు పట్టుకోమందో ఆయన అడగలేదు. నెత్తిన బరువు మోయలేకేనేమో. చెయ్యెత్తడానికేనేమో. నేనూ పొద్దున అడగలేదు.

సూర్యచంద్రం పుస్తకాలు మోస్తూనే ఉన్నాడు. "నేను రాసింది..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎత్తనివాళ్లు ఒప్పుకున్నట్టే అన్న ముక్క రాసింది అతనే. వెనక్కి తీసుకుంటానన్న మాట ఆ సాయంత్రం మళ్లీ అతని నోట రాలేదు. 

మేష్టారు అతని చంకలోంచి గొడుగు తీసుకున్నారు. పోసిబాబు ఒక దొంతర, నూకరత్నం ఒక దొంతర అందుకున్నారు. గొడుగు ముడిచి గోడకి ఆనిస్తూ ఆయన, "చేతుల లెక్క ఆదివారం చూద్దాం. ఎవరెవరు ఇల్లు చేరారో ముందు అది లెక్కపెట్టండి," అన్నారు.

సూర్యచంద్రం, నేను వీధిలోకి దిగాం. అతను ఆసుపత్రికి ఫోను చేస్తూనే ఉన్నాడు. సిగ్నలు అందలేదు. మలుపు దగ్గర, "ఆ బుట్ట ఇలా ఇవ్వక్కా, నేను పట్టుకుంటాను," అన్నాడు. నేను ఇవ్వలేదు.

మా గుమ్మంలో వేణి జుట్టు ఆరబెట్టుకుంటోంది. అది చేరింది. పోసిబాబు, నూకరత్నం అరుగు మీదే ఉన్నారు, వాళ్లు చేరారు. నూకరత్నం పొద్దున చంకన తెచ్చిన పిల్లాడు ఇంట్లో నిద్రపోతున్నాడు. కొబ్బరికాయల అన్నదమ్ములిద్దరూ చేరారు. పెద్దవాడు తలుపు తీసి, చెప్పులేసుకుని మా వెంట వచ్చాడు. టైలరు చేరాడు. అతని తల్లి చేరింది. వీధి చివరిదాకా ప్రతి గుమ్మం ముందూ ఆగాం.

పేరంటాలు పిన్ని గుమ్మానికి పొద్దున వేసిన తాళం వేసినట్టే ఉంది.