ఎర్రదీపం గుర్తు

శిష్యులు ఏదైనా అడిగితే జోగారావు మాస్టారు వెంటనే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుని వాళ్ళని బయటికి తీసుకెళతారు. పత్రికకి సంపాదకుడిగా ఉన్నప్పటి అలవాటది. ఆవేళ హైమ అడిగినప్పుడూ అదే చేశారు.

హైమ ఆ సముద్రతీరానికి విలేకరి. పరాయి దేశపు కంపెనీ అక్కడ పోర్టు కడుతోంది. అది సముద్రంలోకి వేసిన రాతికట్ట వల్ల కెరటాలు పక్కనున్న జాలరిపల్లె ఒడ్డుని కోసేస్తున్నాయని నిరుడు ఆమె రాసింది. ఆ దేశంతో మనకి స్నేహం కలిసిన రోజులవి. పత్రికవాళ్ళు ఆ ముక్కని అడుక్కి నెట్టి, పైన 'ప్రగతి తీరం' అని శీర్షిక పెట్టారు. ఈ ఏడు స్నేహం చెడింది. అదే కోత మొదటి పేజీకెక్కి 'పరాయి కుట్ర' అయింది. రెండుసార్లూ ఆమె రాసిందాంట్లో అబద్ధం లేదు.

"మరి నాకెందుకు భయంగా ఉంది, మాస్టారూ?"

మాస్టారు ఆమెను ఆ పల్లె జాలరి ఎల్లాజీ పడవ ఎక్కించారు. ఎల్లాజీది సముద్రానికి ముందు వరస ఇల్లు. వల సర్దుకుంటూనే పేపరు సంగతి ఎత్తాడు. ప్రగతి అన్నారని నిరుడు ఇంటికి కొత్త రేకులు వేయించాడట. ఇప్పుడు కుట్ర అన్నారు గనక సర్కారు పోర్టు ఆపించేస్తుందని, సముద్రం వెనక్కి పోతుందని, ఇల్లు ఖాళీ చేసే ఆలోచన మానుకున్నాడట.

తిరుగుదారిలో పొద్దు గుంకింది, వాన దిగింది. వెనకటికి కొండకొమ్ముకి ఎదురుగా పడవ ముక్కు పెట్టి రేవుకొచ్చేవాళ్ళు. ఈమధ్య ఆ అవసరం లేకపోయింది. పోర్టు క్రేను మీది ఎర్రదీపం ఎంత వానలోనైనా కనబడుతుంది. చెయ్యి చాపి, దానికి జానెడు ఎడంగా ముక్కు పెడితే తిన్నగా రేవే.

"కొండ ముసలిదైపోనాది బాబూ, తమరిలాగ. వానొస్తే ముసుగెట్టి తొంగుంటాది," అని నవ్వాడు ఎల్లాజీ.

చప్పుడు ముందు హైమకే వినిపించింది. ఇసుక మీద విరిగే కెరటం కాదది, రాతికి కొట్టుకునే కెరటం. ఎదర నుంచే వస్తోంది. దీపం మాత్రం ఉండాల్సిన చోటే, జానెడు దూరంలోనే ఉంది. ఎల్లాజీ నవ్వు ఆగిపోయింది. చీకట్లోంచి నురుగు, నురుగు వెనక నల్లగా రాతికట్ట బండలు లేచాయి. అతను ఒంట్లో బలమంతా పెట్టి చుక్కాని తిప్పాడు. మాస్టారు హైమ మణికట్టు పట్టుకున్నారు. ఏదో రాయి పడవ పక్కని బరుక్కుంటూ పోయింది.

వాన కాస్త తెరిపిచ్చాక కొండ కనబడింది, ఎక్కడో కుడివైపున. నిలబెట్టిన నాటినుంచి కదలని క్రేను ఆ మధ్యాహ్నమే పట్టాల మీద రాతికట్ట ఉన్న ఈ కొసకి జరిగింది, దాంతోపాటు దీపమూ.

ఒడ్డుకి చేరాక ఎల్లాజీ పడవని ఇసుక మీదికి లాగాడు. తరవాత హైమవైపు తిరిగాడు.

"అమ్మా, వానలు ముదరకముందే సెప్పు. ఇల్లు ఒగ్గీమంటావా, ఉండమంటావా?"

హైమ మాస్టారి వంక చూసింది. ఆయన తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"చెప్పమ్మా. దీపాన్ని కాదు, కొండని చూసి చెప్పు."