కలిపి గీసిన మూడు రోజులు

దగ్గరికి జరగండి పిల్లలూ. గోడవార నిలబడ్డవాళ్లు కూడా వచ్చి చాప మీద కూర్చోండి. అరుగు మీది పెద్దలకూ వినపడేలా చెప్తాను. ఈ కథ అసలు వాళ్ల కోసమే.

వీరదాసు గురువుగారికి ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాం" అనేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి నెల పట్టేది.

ఆయన శిష్యుల్లో బుచ్చిరాములు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. అక్షరం వచ్చినవాడు, భక్తి కలవాడు. గురువుగారు చెప్పిన జపం, రోజుకొక పుట పారాయణం మొదట్లో బాగానే సాగాయి. తర్వాత ఒకనాడు బేరగాళ్లు, ఒకనాడు చుట్టాలు, ఇంకొకనాడు ఊళ్లో పంచాయితీ. గ్రంథం గూట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి అతన్ని లోపల తొలుస్తూనే ఉంది. మాఘమాసంలో ఒకరోజు గురువుగారి మఠానికి వచ్చాడు.

"అయ్యా, పొద్దున లేస్తే చెట్లు, దిగితే జనం. దేవుని ముంగట కూసునే తీరిక యాడ దొరుకుతది? వానలు పడి గీత ఆగినంక నెల రోజులు మీ దగ్గర్నే ఉంట. తప్పిన జపం, తప్పిన పారాయణం అంత కలిపి ఒక్కపారే తీర్సుకుంట. సరేనా?" అని అడిగాడు.

"చూద్దాం" అన్నారు గురువుగారు.

ఆ వారంలోనే బుచ్చిరాములు మేనకోడలి పెళ్లికి పోవలసి వచ్చింది. అతని ఇల్లు గడిచేది ఎక్కువగా తాటివనంలోని పెద్దచెట్టు మీద. ఆ ఏడు దానికి కట్టిన కల్లుకుండ, అదే లొట్టి, పూటపూటా నిండుతోంది. తమ్ముడు సాయిలుకు మరీ మరీ చెప్పి, చెట్లు అప్పగించి వెళ్లాడు. తిరిగొచ్చిన పొద్దున వనం దారిలో గురువుగారు ఎదురైతే ఇద్దరూ కలిసి నడిచారు. బుచ్చిరాములు మోకు వేసుకుని పెద్దచెట్టు ఎక్కాడు. దిగాక లొట్టి బోర్లించి చూపాడు. చుక్క రాలలేదు.

సాయిలు కొంచెం దూరంలోనే నిలబడ్డాడు.

"ఏం జేసినవ్‌రా?"

"పక్కూర్ల కబడ్డి పోటీలుండె అన్నా. రెండు రోజులు ఎక్కలే. గని మూడోనాడు మూడు రోజులది కలిపే గీసిన. తక్కువైతే గీయలే."

"కల్లు కారే గెలను సగం దాక నరికినవ్. మేకకాలనుకున్నవా? ఇగ ఈ యేడు పిల్లల కంచాల నీ కబడ్డి కప్పు పెడ్త, నాకుతరు."

అప్పుడు గురువుగారు నోరు విప్పారు. "ఎందుకు కోప్పడతావు రాములూ? మూడు రోజులు గీయవలసింది గీశాడు కదా. లెక్క సరిపోయినట్టే."

"చెట్టుకు లెక్కేందయ్యా?" అన్నాడు బుచ్చిరాములు. "పూటపూటకు ఉల్లిపొరంత గీసి గెల ముఖం పచ్చిగ ఉంచాలె. అది ఆరిందా, ఆ పైన ఎంత లోతు గీసినా ఎండుకట్టెనే తెగుతది. పని ఎన్నడు లేదు మనిషికి? మా నాయన పోయిన పొద్దున సుత, చెట్టెక్కి దిగినంకనే పాడె పట్టిన."

ఆ మాట అన్నాక, మఠంలో తాను అడిగింది అతనికే గుర్తొచ్చింది.

గురువుగారు చేతికర్ర తీసుకుని మఠం వైపు తిరిగారు. నాలుగడుగులు వేసి, వెనక్కి చూశారు.

"వానలు పడ్డాక నెల రోజులకు వస్తానన్నావు కదా. వచ్చేటప్పుడు సాయిలు కత్తి తెచ్చుకో."

ఇక లేవండి పిల్లలూ. ఇళ్లలో అన్నాలు ఉడికి ఉంటాయి, పోయి వేడివేడిగా తినండి. రేపటిది కూడా కలిపి ఈ పూటే తినకండి.