నాలుక మీద ఆజ్ఞ

దొరల ఏలుబడి రోజుల్లో, ఒకానొక కొండ సంస్థానాన్ని రణభైరవ భూపతి అనే రాజు ఏలేవాడు. పేరు విని దడుచుకోకండి. ఆయన యుద్ధమంటూ చేసింది ఇంగ్లీషుతోనే.

కచేరీ గుమాస్తాలకు ఆ భాష నేర్పమని నరహరి పంతుల్ని పెట్టాడు. పంతులుది డిక్టేషన్ పద్ధతి. వాక్యాన్ని వినడానికి ఒకసారి, రాయడానికి ముక్కముక్కగా ఒకసారి, దిద్దుకోవడానికి మరోసారి చదివేవాడు. చెవికి పట్టిన మాటే నోటికీ చేతికీ వస్తుందనేవాడు.

ఒకనాటి పొద్దున పరీక్ష తానే పెడతానన్నాడు రాజు. బుగ్గన తాంబూలం పెట్టుకునే చదివాడు, అదీ ఒక్కసారే. మళ్లీ సెలవివ్వండని అడిగే గుండె ఎవరికుంది? వినపడినంత గిలికారు. దివాను దిద్దితే కాగితాలన్నీ తప్పులే.

రాజు మొహం మాడిపోయింది. పంతులికి నేర్పడం రాదని తేల్చి, నాలుక కోయమన్నాడు. ఆ ఆజ్ఞనూ ఇంగ్లీషులోనే దివాను చేత రాయించాడు. తలారి కత్తి పట్టుకొచ్చి నిలబడ్డాడు. పంతులు ఏడవలేదు. పెదాలు మాత్రం బిగించుకున్నాడు, తెరిస్తే లాగేస్తారన్నట్టు.

కొలువులో సింగన్న అనే కొంటె కుర్రకవి ఉన్నాడు. వాడు లేచి, ఇంత ఘనమైన ఆజ్ఞకు ఊరూరా అంటించడానికి ప్రతులు కావాలనీ, గుమాస్తాలకు చెప్పి రాయించడానికి ఏలినవారి గొంతుకు శ్రమెందుకనీ, కోసేలోగా ఆ నాలుకనే వాడుకుందామనీ మనవి చేశాడు. రాజుకు ఆ ముచ్చట నచ్చింది.

"నువ్వూనా, నాయనా?" అన్నాడు పంతులు.

తన నాలుక కోసే ఆజ్ఞను తానే మూడుసార్లు చదివాడు. ఒక్క మాటా మింగలేదు. గుమాస్తాలు కళ్లు తుడుచుకుంటూ రాశారు. దివాను ప్రతులన్నీ దిద్దాడు. ఎక్కడా తప్పు లేదు.

"ఇక ముద్ర వేయించండి ప్రభూ," అన్నాడు సింగన్న. "చిన్న చిక్కొకటే. పంతులికి నేర్పడం రాదని ఆజ్ఞలో ఉంది. దాన్ని తప్పు లేకుండా రాసింది ఆయన శిష్యులు. దొరలు చదివి ఏమనుకుంటారో."

తలారి కత్తిని చేయి మార్చుకున్నాడు.

"మరి పొద్దున అన్ని తప్పులెలా వచ్చాయిరా?" అన్నాడు రాజు.

"పొద్దున చదివింది తాంబూలం, ప్రభూ."

రాజు బుగ్గ తడుముకున్నాడు. ఆపైన నవ్వాడు. ఆయన నవ్వాక సభ నవ్వింది. పంతుల్ని వదిలేసి, సింగన్న చేతికి బంగారు కడియం తొడిగాడు.

"దక్కిందిగా నాలుక. ఒక మాట అనండి మేష్టారూ, వింటాం," అన్నాడు సింగన్న.

పంతులు నోరు తెరిచాడు. ఆ రోజుకు మాట రాలేదు. సింగన్నే చేయి పట్టుకుని ఇంటిదాకా నడిపించాడు.