సోలకొండమ్మ కావడి తూకం

సోలకొండకు మెట్లు నూట పన్నెండు. ఎక్కగానే ముందు కనబడేది గర్భగుడి కాదు, వంటశాల. భక్తులు ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసో, గిన్నో అక్కడ ఇవ్వాలి. దానితో బియ్యం, పిండి, పంచదార విడివిడిగా కొలిచి, తూచి, దేని బరువెంతో చీటీ మీద రాసిస్తాం. "గ్లాసు ఒకటే కదండీ, మూడుసార్లు తూచడం దేనికి?" అని రోజుకు పదిమందైనా విసుక్కుంటారు. అయ్యా, అమ్మా, కాస్త ఓపిక పట్టండి. ఆ ప్రశ్నకు జవాబే ఈ స్థలపురాణం.

పూర్వం ఇక్కడి కొండమ్మ మహా ఉగ్రంగా ఉండేదట. ఆమెను శాంతింపజేయడానికి ఒక ముని, అటుకులూ బెల్లమూ సరితూకంగా కలిపి ఉండలు చేసి నివేదించమని కొలతల దిట్టం ఏర్పరచి వెళ్ళాడు. ఏటి అవతలి షావుకారు తన త్రాసులో రెండూ తూచి పంపేవాడు. పేరిందేవి అనే వంటామె పాకం పట్టి ఉండలు చేసేది. భర్త పోయాక ఆమెకు ఆ వంటశాల తప్ప వేరే నీడ లేదు.

ఒక ఏడు ఏరు పొంగి పడవలు ఆగిపోయాయి. గుడి కొట్టులో సరుకు ఉంది గాని త్రాసు లేదు. సరితూకమంటే చెరిసగమే కదా అనుకుని పేరిందేవి తన కొలగిన్నె సోలతోనే కొలిచి, పది సోలల అటుకులకు పది సోలల బెల్లం పోసింది. ఉండలు కాస్తా బండరాళ్ళయ్యాయి. ధర్మకర్త గంగినాయుడికి పన్ను కదిలింది. మరునాడు ఉజ్జాయింపున బెల్లం తగ్గిస్తే, ఉండ చేతిలోనే పొడైపోయింది.

"రేపూ తప్పితే తాళంచెవి ఇచ్చి వెళ్ళిపో అమ్మా," అన్నాడు గంగినాయుడు. అమ్మవారు ఆగ్రహిస్తే ఊరికి ముప్పని ఆయన భయం ఆయనది.

పేరిందేవి అమ్మవారి ముందు కూలబడింది. "నీ నైవేద్యం తప్పాను, ఒప్పుకుంటాను. అంతమాత్రాన నా కడుపు కొడతావా తల్లీ?" అని ఏడ్చి ఏడ్చి, మిట్టమధ్యాహ్నం అక్కడే కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ కావడి మోసుకుంటూ వచ్చింది. ఒకవైపు పెద్ద గంప, రెండోవైపు చిన్న ముంత. అయినా కావడి ఎటూ ఒరగడం లేదు.

"అదేమిటమ్మా, రెండూ సమానంగా లేవే?"

"పిచ్చిదానా! నీ సోల చూసేది చోటు. నా భుజం చూసేది బరువు," అని ముసలమ్మ ఫక్కున నవ్వింది.

పేరిందేవి ఉలిక్కిపడి లేచింది. నీళ్ళు మోసే బొడ్డయ్య అప్పుడే కావడి దించుతున్నాడు.

"బొడ్డయ్యా, ఆ కావడి కాసేపు ఇటివ్వు."

"ఇచ్చేస్తే నీళ్ళెవరు తెస్తారమ్మా, కొండమ్మ దిగొస్తుందా?"

"ముందు నా కొలువు నిలవనీ, నీళ్ళు నేనే మోస్తాను!"

కావడిబద్ద నడుమ తాడు కట్టి దూలానికి వేలాడదీశారు. మొదట రెండు ఖాళీ కుండలు కట్టి సరిచూసుకున్నారు. ఈ పని మరిచిపోయేవాళ్ళే లోకంలో ఎక్కువ. తర్వాత ఒక కుండలో సోలెడు తరిగిన బెల్లం పోసి, రెండో కుండలో సోలెడు అటుకులు పోస్తే, బెల్లం వైపు ఒరిగిన బద్ద కదలలేదు. మరో సోల పోయగానే ఎటూ ఒరగకుండా సరితూగింది. సోలెడు బెల్లానికి రెండు సోలల అటుకులన్నమాట! పేరిందేవి ఆనందం పట్టలేక బొడ్డయ్యకు దణ్ణం పెట్టేసింది.

మూడో రోజు నైవేద్యం అయ్యాక గంగినాయుడు ఒక ఉండ తిని, రెండోదానికి చెయ్యి చాచాడు. తాళంచెవి ఊసెత్తలేదు. వంట తప్పినవారికి మూడో రోజు ఇచ్చి తీరాలని వంటశాల గడప మీద చెక్కించాడు. ఆనాటినుంచి ఇది సోలకొండ అయింది.

నేటికీ ఇక్కడి ప్రసాదం అటుకుల ఉండే. మేమిచ్చే చీటీ వంటింట్లో అంటించుకుంటే సంతానం కలుగుతుందనీ, కోర్టు కేసులు గెలుస్తారనీ మేము చెప్పము. వంట కుదురుతుంది, అంతే. గడప మీది మాట మాత్రం నిజం. నేను కొత్తగా చేరినప్పుడు, రాళ్ళ ఉప్పు అయిపోయిందని అదే సోలతో మెత్తటి ఉప్పు పులిహోరలో పోశాను. ఎవరూ నోట పెట్టలేకపోయారు. మరునాడు భయపడి మరీ తగ్గించాను, చప్పగా తగలడింది. మూడో రోజు తూచి వేశాను. ముప్పై ఏళ్ళయింది. ఇంకా ఇక్కడే వండుతున్నాను.