ఏటవాలు గీతలు

కింది అంతస్తువాళ్ళకి ఎప్పుడు ఖాళీయో పై అంతస్తువాళ్ళకి కనిపించడం లేదు. ఆరు వారాలుగా శశిభూషణ్‌కి వచ్చిన కష్టమల్లా ఇదే.

విశాఖపట్నంలో ఒక భవనం. రెండో అంతస్తులో రొయ్యల మేత తయారుచేసే కంపెనీ, కింది అంతస్తులో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఉండేవి. ఈ మధ్యనే రెండూ కలిసిపోయాయి. బయట బోర్డు ఒకటైంది. లోపల క్యాంటీను ఒకటైంది. మెయిల్ మాత్రం రెండుగానే మిగిలింది. పైవాళ్ళది ఒక పద్ధతి, కిందివాళ్ళది మరొకటి. పైన ఆ పని చూసేవాడు శశిభూషణ్. కింద చూసే ఆవిడ నీలవేణి.

మీటింగు పెట్టాలంటే ఎదుటివాళ్ళ పేరు కొట్టి వాళ్ళ క్యాలెండరు చూస్తారు. తెల్లగా ఉంటే ఖాళీ. నీలంగా ఉంటే పనిలో ఉన్నట్టు. ఏటవాలు గీతలుంటే సమాచారం లేనట్టు. కిందివాళ్ళు పైవాళ్ళ పేరు కొడితే తెలుపూ నీలమూ చక్కగా కనిపిస్తున్నాయి. పైవాళ్ళు కిందివాళ్ళలో ఎవరి పేరు కొట్టినా పొద్దుట తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా గీతలే.

గీతల అర్థం తెర అడుగున చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది, సమాచారం లేదు అని. శశిభూషణ్ దాన్ని 'చెప్పను' అని చదువుకున్నాడు.

అలా చదువుకోవడానికి అతని లెక్కలు అతనికున్నాయి. పైనుంచి పంపిన మెయిళ్ళన్నీ కిందికి చేరుతున్నాయి. అంటే దారి బాగానే ఉంది. మన సమయాలు వాళ్ళు చూస్తున్నారు, వాళ్ళవి మనకి చూపించడం లేదు. అంటే ఎవరో కావాలనే తలుపు వేశారు. ఆ తలుపు తాళం ఎవరి దగ్గరుంది? నీలవేణి దగ్గర.

ఇక అక్కణ్ణుంచి అన్నీ కలిసొచ్చాయి. ఆవిడకి మెయిల్ రాస్తే నిమిషంలో జవాబు వచ్చింది, 'మా వైపు అంతా సరిగానే ఉంది' అని. అంత తొందరగా వచ్చిందంటే ముందే రాసి పెట్టుకుందన్నమాట. రెండోసారి రాస్తే సాయంత్రానికి గాని రాలేదు. ఆలోచించి రాసిందన్నమాట. ఆవిడ ఫోను మాట్లాడుతూ వరండాలోకి వెళ్తే అనుమానం. లిఫ్టులో పలకరించి నవ్వితే ఇంకా అనుమానం. గీతలు కనిపించినప్పుడల్లా తెరని ఫొటో తీసి కంప్యూటర్లో ఒక ఫోల్డరులో దాచేవాడు. దానికి 'సాక్ష్యాలు' అని పేరు పెట్టాడు. నలభై మూడు ఫొటోలు పోగయ్యాయి.

ఇన్నాళ్ళూ ఇది ఇద్దరి మధ్య గొడవ. కిందటి వారం పెద్దదైంది. గీతలు చూసి విసిగిపోయిన జనరల్ మేనేజరు, ఏదైతే అదయిందని, కింది ఎగుమతుల మేనేజరుకి పదకొండింటికి మీటింగు పెట్టేశాడు. అదే సమయానికి ఆ మేనేజరు దగ్గర జపాను నుంచి వచ్చిన కొనుగోలుదారు కూర్చుని ఉన్నాడు. జీఎం పిలిచాడు కదా అని ఈయన పైకి పరిగెత్తాడు. ముప్పావుగంట చూసి ఆ పెద్దమనిషి మర్యాదగా లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

జీఎం శశిభూషణ్‌ని పిలిచి ఒకటే మాటన్నాడు. "గురువారం నాలుగింటికల్లా తప్పు ఎవరి వైపుందో కాగితం మీద రాసివ్వు."

కాగితం ఎందుకో అందరికీ తెలుసు. నెలాఖరుకి మెయిల్ చూసేవాళ్ళు ఇద్దరక్కర్లేదు, ఒకరు చాలు. ఆ కాగితం ఎవరి మీద పడితే వాళ్ళు ఇంటికి.

గురువారం మధ్యాహ్నం మూడింటికి శశిభూషణ్ ఆ కాగితం పట్టుకుని సన్యాసిరావుగారి దగ్గరికి వెళ్ళాడు.

మన ఆఫీసుల్లో ఎవరు ఎవరినైనా గురూ అంటారు. సన్యాసిరావుగారిని మాత్రం అందరూ గురువుగారూ అనే పిలిచేవారు, నిజంగానే. కంపెనీలో పదకొండుమంది ఉన్న రోజుల్లో మొదటి మెయిల్ పెట్టెని ఆయనే నిలబెట్టారు. సన్యాసం పేరులో తప్ప ఇంకెక్కడా లేదు. పూటకి రెండు టీలు, మధ్యలో పకోడీలు కావాలి. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతారు కనుక ఈ పోటీలో ఆయన లేరు. శశిభూషణ్‌కి ఉన్న విద్యంతా ఆయన చెప్పిందే. నాలుగేళ్ళుగా నేర్పుతున్నా ఒక్కసారీ శిష్యుడి కీబోర్డు మీద చెయ్యి వేయలేదు.

అలాంటి గురువు మీద కూడా శశిభూషణ్‌కి సోమవారం నుంచి చిన్న అనుమానం ఉంది. క్యాంటీనులో ఆయనా నీలవేణీ ఒకే బల్ల దగ్గర టీ తాగుతూ కనిపించారు.

గురువుగారు కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. 'కింది విభాగపు శ్రీమతి నీలవేణి ఉద్దేశపూర్వకంగా' అన్నచోట కాసేపు ఆగి, కళ్ళద్దాలు తీశారు.

"ఆవిడనడిగావా?"

"మెయిల్లో మూడుసార్లు అడిగాను గురువుగారూ. మా వైపు అంతా సరిగానే ఉంది అంటున్నారు."

"కిందికెళ్ళి అడిగావా?"

"వెళ్ళలేదు. వెళ్తే జాగ్రత్తపడతారు."

"సరిగానే ఉందంటే నమ్మొచ్చు కదా."

"తప్పు చేసినవాళ్ళు అలాగే అంటారండి."

"మరి నువ్వేమంటున్నావు?"

"మన వైపు అంతా సరిగానే ఉంది."

గురువుగారు నవ్వలేదు. కుర్చీ వెనక వేలాడుతున్న శాలువా తీసి భుజాన వేసుకున్నారు.

"పద. కంప్యూటరు తెచ్చుకో."

సర్వర్లుండే గది అదే అంతస్తులో చివర ఉంది. ఎండాకాలంలోనూ చలి పెడుతుంది. గురువుగారు లోపలికి రాగానే గోడకున్న ఫోనెత్తి కిందికి చేశారు.

"నీలవేణమ్మా, రెండు నిమిషాలు తీగ తీస్తున్నాం. నువ్వేం కంగారుపడకు."

ముందే చెప్పేశారు, అనుకున్నాడు శశిభూషణ్. ఈ రెండు నిమిషాల్లో ఆవిడ అన్నీ సర్దేసుకుంటుంది. సోమవారం నాటి టీ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

గురువుగారు స్టూలు మీద కూర్చున్నారు. "ఆవిడ పేరు కొట్టు. ఈవేళ్టిది చూడు."

శశిభూషణ్ కొట్టాడు. గీతలొచ్చాయి.

"ఎంతసేపు పట్టింది?"

"సెకను కూడా పట్టలేదు."

"సరే." గురువుగారు లేచి, మెయిల్ నడిపే పెట్టె వెనకనుంచి కిందికి వెళ్ళే పచ్చ తీగ ఊడదీశారు. రెండు చుట్లు చుట్టి చేతిలోనే పట్టుకున్నారు. "ఇక్కణ్ణుంచి కిందికి ఇంకేదైనా దారుందేటి?"

"లేదండి. ఇదొక్కటే."

"అయితే ఇప్పుడు నీలవేణి ఏం చెప్పినా మనకి చేరదు."

"చేరదు."

"మళ్ళీ అడుగు."

శశిభూషణ్‌కి విసుగొచ్చింది. తీగే లేనప్పుడు ఏం వస్తుంది? యంత్రం కాసేపు గిరగిరా తిరిగి, దారి లేదు అని ఎర్రగా చూపిస్తుంది. దానికి ఇంత తతంగం ఎందుకు? అయినా పెద్దాయన చెప్పారని పేరు కొట్టాడు.

గీతలొచ్చాయి.

అవే గీతలు. అంతే వేగంగా. ఎగుమతుల మేనేజరు పేరు కొట్టాడు. గీతలు. కింది స్టోర్సు గుమస్తా పేరు కొట్టాడు. గీతలు. తలెత్తి చూస్తే తీగ గురువుగారి చేతిలోనే ఉంది.

"ఇదెవరు చెప్పారు?" అన్నారు గురువుగారు.

శశిభూషణ్ నోరు తెరిచాడు. ఆవిడే మన యంత్రంలో ఏదో పెట్టి వెళ్ళిందని అందామనుకున్నాడు. కానీ ఆవిడ ఈ గది గుమ్మం కూడా ఎప్పుడూ ఎక్కలేదు.

గురువుగారు శాలువా చెవుల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. శశిభూషణ్ నేలమీదే కూర్చుని తన యంత్రం రాసుకున్న చిట్టా తెరిచాడు. ఈ ఆరు వారాల్లో కిందివాళ్ళ మెయిళ్ళ చిట్టాలు అడిగాడు, కిందివాళ్ళ అనుమతుల పట్టిక అడిగాడు. తన సొంత చిట్టా చూడాలని మాత్రం తోచలేదు.

అందులో ప్రతి ప్రశ్నా వరసగా ఉంది. ప్రశ్న బయల్దేరింది. చిరునామా చూసుకుంది. గడప దాటకుండానే వెనక్కి తిరిగింది. మన యంత్రమే మన యంత్రాన్ని అడిగింది, ఫలానా మనిషికి ఎప్పుడు ఖాళీ అని. ఆ మనిషి క్యాలెండరు తన దగ్గర లేదు కనుక, సమాచారం లేదు అని అది నిజాయితీగానే చెప్పింది.

చిరునామాలు రాసింది శశిభూషణే. రెండు కంపెనీలు కలిసిన వారం, కిందివాళ్ళ నూట పన్నెండు పేర్లూ ఒక్క బిగిన ఎక్కించాడు. ఒక్కో పేరు చివరా కింది చిరునామా ఉండాల్సిన చోట పైవాళ్ళది పెట్టాడు. మెయిళ్ళయితే ఆ పేర్లు చూసి పై యంత్రం కిందికి అందించేది. అందుకే ఒక్క మెయిలూ తప్పిపోలేదు, అనుమానమూ రాలేదు. ఖాళీ ఉందా అన్న ప్రశ్నని అలా అందించేవాళ్ళు లేరు. ఆరు వారాలుగా ఒక్కటంటే ఒక్కటి కూడా మెట్లు దిగలేదు.

అతనికి చెప్పలేనంత సిగ్గేసింది. దాచుకున్న నలభై మూడు ఫొటోలూ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు కదిలాయి. లిఫ్టులో నీలవేణి నవ్వితే తను మొహం తిప్పుకోవడం కూడా కదిలింది.

"తీగ పెట్టమంటావా?" అన్నారు గురువుగారు, కళ్ళు తెరవకుండానే.

"పెట్టండి."

నూట పన్నెండులో ముందు ఒక్కటి దిద్దాడు, నీలవేణిది. పేరు కొట్టాడు. ఈసారి కాస్త ఆలస్యమైంది. ప్రశ్న నిజంగానే ఎక్కడికో వెళ్ళి రావాల్సినంత ఆలస్యం. గీతలు పోయి, పది నుంచి పన్నెండు దాకా నీలం, రెండింటి దగ్గర ఇంకో నీలం ముక్క, మిగతాదంతా తెలుపు వచ్చాయి.

మూడున్నరైంది. శశిభూషణ్ పాత కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. కొత్త కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు. 'తప్పు మా వైపుది. చిరునామాలు తప్పు రాసింది నేను. కింది విభాగం దోషం ఏమీ లేదు.' కింద సంతకం పెట్టబోతూ ఆగిపోయాడు.

ఇల్లు గుర్తొచ్చింది. కిందటి నెలే పాపని స్కూల్లో వేశాడు. ఈ కాగితం ఎవరి మీద పడితే వాళ్ళు ఇంటికి అని అతనికీ తెలుసు.

"గురువుగారూ."

"ఊఁ."

"ఇది ఇస్తే జీఎంగారు నన్ను ఉంచుతారంటారా? ఆయనకి నా మీద కోపం లేదులెండి. కానీ ఒక్కరే చాలని అనుకుంటున్నప్పుడు, ఇలా రాసిచ్చినవాణ్ణి ఎందుకు ఉంచుకుంటారు? ఉంచరు కదా? నీలవేణిగారు మాత్రం నా గురించి ఏమనుకుంటారు?"

గురువుగారు శాలువా మడతపెట్టి లేచారు. తలుపు దగ్గర ఆగారు.

"నన్నడిగితే గీతలే వస్తాయి బాబూ."

ఆయన టీకి వెళ్ళిపోయారు. శశిభూషణ్ సంతకం పెట్టి బయటికొచ్చాడు. జీఎం గది కుడిచేతివైపు, నాలుగడుగుల్లో ఉంది. అటు చూసి, కాగితం పట్టుకుని ఎడమచేతివైపు తిరిగి, కిందికి నీలవేణి దగ్గరికి మెట్లు దిగాడు.